పొగమంచుకు సాక్ష్యం

మా ఇంట్లో గది అద్దెకు తీసుకునే యాత్రికులు దిగీ దిగగానే అడిగేది ఒక్కటే, రేపు వాతావరణం ఎలా ఉంటుందని. వాన, ఎండ, వడగళ్లు, పొగమంచు అన్నీ ఉంటాయి, ఉన్ని చొక్కా విప్పకండి, పడవ వస్తే వచ్చినట్టు అని చెప్తాను. నేనేదో జోకు వేశాననుకుని నవ్వుతారు. పడవ రాని రోజున ఎవరూ నవ్వరు. ఫారో దీవుల్లో పడమటి కొసన ఉన్న మా దీవికి దిక్కు ఆ పడవే, అప్పుడప్పుడు వచ్చే హెలికాప్టరూ.

మా ఆయన హానుస్‌కు మాత్రం ఈ వాతావరణం పెద్ద అండ. ఆయనకు పట్నం గిట్టదు. కోటు వేసుకుని నలుగురిలో కూర్చుని కేకు తినాలంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని మా రాజధాని టోర్స్‌హావ్న్‌లో ఉన్న వాళ్లక్క సున్నువా ఎప్పుడు పిలిచినా, "సముద్రం బాగోలేదక్కా" అనేవాడు. మా దీవుల్లో ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకు అదే మాట. బావ అంత్యక్రియలకూ అదే మాట. ఆ రోజు సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. పడవ వచ్చి వెళ్లిందని ఆవిడకు సాయంత్రానికే తెలిసిపోయింది, అయినా ఒక్క మాట అనలేదు. తల్లి పోతే ఈయన్ని పెంచింది ఆవిడే. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ ఆగస్టులో ఆవిడకు గుండె ఆపరేషన్ అన్నారు. "శుక్రవారం పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారట. ఈలోగా ఒకసారి వచ్చి కనబడరా" అంది. హానుస్ ఈసారి మారు మాట్లాడకుండా బూట్లు తుడుచుకున్నాడు, కోటు తీసి గాలికి ఆరేశాడు. బుధవారం బయల్దేరదామని లేచి చూస్తే కిటికీ అవతల మా కంచె లేదు. పడవ రాలేదు, హెలికాప్టర్ రాలేదు. గురువారం పొగమంచు ఇంకా చిక్కబడింది. హానుస్ ఫోను చేశాడు.

"రాలేకపోతున్నానక్కా. పొగమంచు."

"ఇక్కడ ఎండ మండిపోతోంది కదరా."

"అక్కడ ఉంటుందక్కా. ఇక్కడ నా చెయ్యి నాకే కనబడటం లేదు."

"మీ బావ పోయినప్పటిలాగానా?"

హానుస్ చేతిలోంచి ఫోను నేను లాక్కున్నాను. "వదినా, ఈసారి నిజం. ఒట్టు."

"నువ్వు వాడి పెళ్లానివి మార్యున్, ఇంకేమంటావులే" అంది. గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

మా అద్దె గదిలో చిక్కుకుపోయిన డెన్మార్క్ పంతులమ్మ జాలిపడి, ఫొటో తీసి పంపుదామంది. హానుస్ పరుగున వెళ్లి కోటు తొడుక్కుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఫొటోలో ఆయన వెనక అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కాసేపటికి వదిన జవాబు వచ్చింది. "ఏ గోడ ముందు నిలబడ్డావురా? కోటు బాగుంది."

"మన చిన్న పడవ వేసుకుని పోతాను" అన్నాడు హానుస్.

"పో. రేవు బయట రాళ్లు నీకు దారిస్తాయి. రేపు ఆవిడ ఆపరేషన్ చేయించుకుంటుందా, నీ శవం కోసం వెతికిస్తుందా?"

ఆ మాట అన్నందుకు నాకే ఏడుపొచ్చింది. ఆయన కోటు విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. ముగ్గురం కళ్లారా చూస్తున్నా, ఆ మనిషి మాట నిజమని నమ్మించే దారి ఒక్కటీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మంచు విడిపోయింది. పడవలో పంతులమ్మ పక్షుల్ని చూసి మురిసిపోతోంది. హానుస్ తల ఎత్తలేదు. మేము ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. వదిన మత్తులోంచి లేవనే లేదు.

వాళ్లమ్మాయి రన్వా వరండాలో కూర్చుని ఉంది. హానుస్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"లోపలికి తీసుకెళ్తుంటే, మీవాళ్లు ఇంకెవరూ రాలేదా అని నర్సు అడిగింది మావయ్యా" అంది రన్వా. "మా తమ్ముడు బయల్దేరాడమ్మా, పొగమంచు అడ్డం పడింది, పాపం వాడేం చేస్తాడు అంది అమ్మ."

హానుస్ ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "అయితే నమ్మిందా నన్ను?"

"ఏమో మావయ్యా. నాన్న పోయినప్పుడు కూడా అందరికీ అదే చెప్పింది."