తుమ్మచెక్క కాగులో బూట్లు

మెన్సా ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్ సంగతి వచ్చినప్పుడు ఏలూరులో ఎవరైనా "వయసైపోయిందండీ పాపం" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ రోజు గోల్‌లో నిలబడింది నేను. అక్కడ జరిగిందేమిటో నాకు తెలుసు.

మెన్సాది ఆఫ్రికా పడమటి తీరంలో గోల్డ్ కోస్ట్. కుర్రతనంలోనే అక్కడ పేరున్న జట్టుకి బ్యాక్‌గా ఆడాడు. యుద్ధంలో సిపాయిగా ఇటు వచ్చి మద్రాసు ఆసుపత్రిలో పడి ఉండగా వాళ్ళ ఓడ వెళ్ళిపోయింది. ఇంజన్ల పని వచ్చు కనుక తాడేపల్లిగూడెం రైసుమిల్లులో చేరాడు. ఏలూరు చేపల షావుకారు తన ఇంజను పడవ నడపడానికి అతన్ని మా కొల్లేటికోట తీసుకొచ్చాడు. మా ఇంట్లోనే ఉండేవాడు. మొదటిరోజు అతన్ని చూసి తలుపేసుకున్న మా వదిన బుల్లెమ్మ, ఏడాది తిరిగేసరికి కొరమీను పులుసులో మంచి ముక్క అతనికీ, తోక నాకూ వేసేది. అతను ఆవిణ్ణి అక్కా అనేవాడు.

షావుకారు నడిపే జట్టులో అందరం ఉత్తకాళ్ళతోనే ఆడేవాళ్ళం. బంతితో మీదికొచ్చేవాడి మీదికి మెన్సా ఎగబడేవాడు కాదు. ఎదురుగా నిలబడి, వాడు ఎటు పోవాలో తేల్చుకునేదాకా ఆగి, పాదం చాపి బంతి తీసేసుకునేవాడు. వాడికి కోపం కూడా వచ్చేది కాదు, అంత నెమ్మదిగా.

యాభై అయిదులో మద్రాసు క్లబ్బు పెద్దమనిషి ఒకాయన అతని ఆట చూశాడు. డిసెంబరులో ఏలూరులోనే సెలక్షన్ మ్యాచ్ పెడతామనీ, బాగా ఆడితే జీతమిచ్చి మద్రాసు తీసుకుపోతామనీ అన్నాడు. కాకపోతే బూట్లు వేసుకునే ఆడాలట. పాదం కొలత తీసుకెళ్ళి బూట్లు కుట్టించి పంపాడు.

మెన్సాకి ముప్ఫై దాటి చాలా ఏళ్ళయింది. ఈ అవకాశం తప్పితే ఇంకోటి రాదు.

"మద్రాసు పేపర్లో ఫోటో ఏస్తారు కొండలూ. అది మా అమ్మకి పంపుతాను. ఆవిడకి చదువు రాదు. ఫోటో చూస్తే కొడుకు ఇంకా ఆడతన్నాడని తెలుసుద్ది," అనేవాడు నాతో.

తోలు మెత్తబడాలని రోజూ ఆ బూట్లతో మా చెరువుగట్టు మీద పరుగెత్తేవాడు. అంతా బురదే. తడిసి తడిసి అవి వాసనకొట్టడం మొదలుపెట్టాయి. వదినకి అదొక బెంగ.

మ్యాచ్ ముందురోజు మేమిద్దరం చేపలేసుకుని ఏలూరు వెళ్ళాం. ఇంటిదగ్గర వదిన వలలకి రంగు పెట్టింది. నూలు వల నీళ్ళకి కుళ్ళకుండా తుమ్మచెక్క, అదే తుమ్మ బెరడు, వేసి మరిగించిన కాగులో ముంచి ఎండబెడతాం. తాడయినా, తెరచాప గుడ్డయినా, మా ఇంట్లో నీటికి తడిసే ప్రతి వస్తువూ అందులో మునగాల్సిందే. సాయంత్రం వచ్చి చూస్తే దండెం మీద వలల పక్కన బూట్లు వేలాడుతున్నాయి.

"బాగా మరగనిచ్చి తీశాను తమ్ముడూ. ఇంక ఏ వానలో ఆడినా కుళ్ళవు," అంది వదిన, మొహం వెలిగిపోతూ.

చేత్తో పట్టుకుని చూశాను. చెక్కలా బిగుసుకుపోయి, ముడుచుకుపోయాయి. నేను నోరు తెరవబోతే మెన్సా నా కాలు తొక్కాడు.

"బాగున్నాయక్కా," అన్నాడు.

మర్నాడు పడవలో ఆముదం రాసి ఆ బూట్లలోకి పాదాలు కుక్కాడు. వేరేవి కొందామంటే అతని కొలత బూట్లు ఏలూరంతా వెతికినా లేవు. మ్యాచ్ వాయిదా వేయమని అడుగుదామంటే మద్రాసు ఆయన ఆ సాయంత్రం మెయిలు రైలుకే వెళ్ళిపోతున్నాడు.

ఆటలో అతను పాదం ఆనించినప్పుడల్లా భుజాలు ముడుచుకుపోవడం వెనకనుంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఎదురుగా నిలబడి ఆగడం అతని విద్య. ఆ రోజు నిలబడటమే నరకమైపోయింది. మా మీద రెండు గోల్స్ పడ్డాయి. విరామంలో నేను లేసులు విప్పబోతే చెయ్యి తోసేశాడు.

"ఇప్పితే మళ్ళీ ఎక్కవు కొండలూ."

తర్వాత ఎవడో బక్కకుర్రాడు అతన్ని ఒక చుట్టు తిప్పి పడేసి మూడోది కొట్టాడు. జనం నవ్వారు. మద్రాసు ఆయన గొడుగు తీసుకుని లేస్తూ వయసైపోయిందన్నాడు. నేను ఆయన మీదికి వెళ్ళబోతే మెన్సాయే పట్టుకుని ఆపాడు.

"అక్కకి చెప్పకు," అన్నాడు తిరుగు పడవలో. ఇంటికొచ్చాక ఆవిడతో, "బూట్లు బానే ఉన్నాయక్కా. నేనే ముసలోణ్ణయిపోయాను," అన్నాడు. అన్నం వడ్డిస్తున్నంతసేపూ వదిన మద్రాసువాళ్ళని శాపనార్థాలు పెట్టింది.

అతను మళ్ళీ బంతి ముట్టుకోలేదు. బూట్లు చూరుకి వేలాడుతూ ఉండిపోయాయి.

మరుసటేడు రంగు కాగు పెట్టినప్పుడు వదిన వలలతోపాటు వాటినీ చూరు నుంచి దింపింది. దుమ్ము దులుపుదామని లోపల చెయ్యి పెట్టింది. నల్లగా ఎండిన నెత్తురు పెళ్ళలు రాలాయి, వాటితో ఒక గోరు. కాగు వదిలేసి పడవ దగ్గరికి వెళ్ళి, ఇంజను తుడుస్తున్న మెన్సా పాదం లాగి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలికి గోరు వంకరగా మొలిచి ఉంది.

"నేనే పాడు చేశానా తమ్ముడూ? నన్నొక మాట అనొచ్చు కదా! తిట్టొచ్చు కదా!" అని భోరుమంది.

మెన్సా పాదం వెనక్కి లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"మాదీ చేపలూరే అక్కా. మా అమ్మా బెరడు కాచి వలలు ముంచేది. చిన్నప్పుడు నాకు తోలు బంతి దొరికితే, కుళ్ళిపోద్దని దాన్నీ ముంచేసింది."

"ఏమైందది?"

"రాయైపోయింది. ఆ రోజు మా అమ్మని నోటికొచ్చినట్టల్లా తిట్టేశానక్కా," అని మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.