ఠాణా ముందు క్యూ

మంచు మీద రెండుసార్లు కాలు జారినా వెతూరియా టైపు మిషనును మాత్రం వదల్లేదు. దాన్ని దుప్పట్లో చుట్టి, గుండెకు ఆనించుకుని ఠాణా ముందు క్యూలో నిలబడింది. రొమేనియాలోని మా క్లూజ్ ఊళ్లో టైపు మిషను ఉన్నవాళ్లందరూ ఏటా జనవరిలో దాన్ని ఇక్కడికి మోసుకొచ్చి, అక్షరాలన్నీ ఒక కాగితం మీద కొట్టి చూపించాలి. ఎక్కడైనా ప్రభుత్వాన్ని తిట్టే కాగితం దొరికితే, అది ఏ మిషను పనో పోల్చి చూసుకోవడానికి. దొరలకు తుపాకీ అన్నా ఇంత భయం లేదు.

వెతూరియా కవి. చలికాలం మీద రాసిన ఒక కవిత పైవాళ్లకు నచ్చకపోవడంతో ఆమె సొంత పుస్తకాలు అచ్చు కావడం ఆగిపోయింది. అప్పటినుంచి హంగేరియన్ కవులను రొమేనియన్‌లోకి తెచ్చి పొట్టపోసుకుంటోంది. పరాయి గొంతుతోనైనా పాడనిస్తున్నారు కదా అని సరిపెట్టుకుంది. ఆ అనువాదమైనా టైపు చేసి ఇస్తేనే ప్రచురణాలయం తీసుకుంటుంది, చేతిరాతను కన్నెత్తి చూడదు. ఇప్పుడు చేస్తున్న పుస్తకం సగంలో ఉంది. నెలాఖరుకు ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

సంచీ పట్టుకుని ఒక ముసలావిడ వచ్చి ఆమె వెనక నిలబడింది. సరుకులకు కరువు కాబట్టి మా ఊళ్లో క్యూ కనిపిస్తే ముందు నిలబడతాం, ఎందుకని తర్వాత అడుగుతాం.

"ఏమిస్తున్నారమ్మాయ్? పంది కాళ్లా?"

"ఇక్కడ ఇచ్చేదేం లేదు పిన్నిగారూ. తీసుకోవడమే."

ముసలావిడ నవ్వింది కానీ కదల్లేదు. ఇంతమంది ఊరికే నిలబడరని ఆవిడ నమ్మకం.

లోపల కెప్టెన్ మర్యాదగా కుర్చీ వేయించాడు. ఆమె కవిత్వం చదివానని కూడా చెప్పాడు. ఆమె అక్షరాలన్నీ కొట్టి ఇచ్చాక, కాగితం చూస్తూ కింది అంతస్తు ఒక్టావ్ సంగతి ఎత్తాడు. ఆ రిటైరైన ఇంజనీరు సాయంత్రాలు ఆమె ఇంటికి వచ్చి ఈ మిషను మీద ఏదో కొడుతుంటాడట. అదేమిటో ఆమె రాసి సంతకం పెడితే మిషను ఉంచుకునేందుకు ఈ ఏటి అనుమతి ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు.

ఆయన కొట్టేదేమిటో ఆమెకు తెలుసు. భవనంలో గదులు వెచ్చగా ఉండటం లేదని, పై ఇంట్లో పచ్చి బాలింత చలికి వణికిపోతోందని అర్జీలు. కింద తన పేరే పెడతాడు. అయినా సాక్షి చేత్తో రాసిన రెండు ముక్కలుంటే ముసలాయనను లోపల వేయడానికి వీళ్లకు చాలు.

"ఇంకొకరి మాటలు రాసిపెట్టడం మీకు కొత్తేం కాదుగా కామ్రేడ్," అన్నాడు కెప్టెన్. "ఇదీ ఒక అనువాదమే అనుకోండి."

సగం పుస్తకం, ఆ తర్వాత చేతికి ఇక ఏ పనీ ఉండని రోజులు వెతూరియా కళ్లముందు కదిలాయి.

"ఇది రాయనండీ," అంది.

అది ధైర్యమేమీ కాదు. రాస్తే రేపు మెట్ల మీద ఆయనకు మొహం ఎలా చూపించాలో ఆమెకు తెలియలేదు. కెప్టెన్ కోప్పడలేదు. అనుమతి లేదని చెప్పి, మిషను ఉంచేసుకుని, దుప్పటి మాత్రం మడతపెట్టి చేతికిచ్చాడు.

ముసలావిడ ఇంకా క్యూలోనే ఉంది. వెతూరియా చేతుల్లో ఉత్త దుప్పటి చూసి, "అయిపోయాయా?" అని అడిగింది.

"అయిపోయాయండీ," అంది వెతూరియా.

సాయంత్రం కరెంటు పోయిన వేళ ఒక్టావ్ కొవ్వొత్తి పట్టుకుని తలుపు తట్టాడు. పై ఇంటి బాలింత పసిపిల్లకు దగ్గు పట్టుకుందట. ఇంకొక్క అర్జీ కొట్టుకోవాలన్నాడు. మిషను పాడైందని చెప్పింది ఆమె. ఆయన కిందికి దిగి, స్క్రూడ్రైవరు, నూనె సీసా పట్టుకుని ఆయాసపడుతూ మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. ఇన్నాళ్లూ వాడుకున్నందుకు ఈ పాటి సాయమైనా చేయనిమ్మన్నాడు.

ఆమె వెనక బల్ల ఖాళీగా ఉంది. నిజం చెబితే, తనవల్లే కదా అని ఈయన ఇప్పుడే ఠాణాకు బయలుదేరతాడు.

"జరగమ్మా, ఒక్కసారి చూడనీ," అన్నాడు ఒక్టావ్.

వెతూరియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. జరగలేదు.