అక్క పిల్లి, తమ్ముడి ఇల్లు

పిల్లిని తిరిగి ఇచ్చేసి ఇది మూడో రోజు. బైండింగ్ మాస్టారు పొద్దున్నే జిగురు కాచుకుని, వీపు ఊడిన నిఘంటువు ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు కానీ చేతులు ఆడటం లేదు. అట్ట తలకిందులుగా అతికించాడు. ముప్పై ఏళ్ళ పనిలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు.

నాలుగు నెలల కిందట అక్క మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ మీద నుంచే, "పెత్తనాన్ని నువ్వు చూసుకోరా" అంటూ తమ్ముడి మెడకు చుట్టింది. పెత్తనం అంటే ఆమె బూడిదరంగు పిల్లి. ఇల్లంతా తాతల నాటి ఆస్తి అయినట్టు తిరుగుతుందని అక్కే పెట్టిన పేరు. మాస్టారికి పిల్లులంటే ఒళ్ళు మంట. నాలుగు రోజులే కదా అని గొణుక్కుంటూ తెచ్చుకున్నాడు.

భార్య పోయిన ఈ మూడేళ్ళలో ఆయన కుదురుగా కూర్చుని భోంచేసింది లేదు. ఆకలేస్తే పొయ్యి దగ్గరే నిలబడి ఏదో ఇంత కతికి, మళ్ళీ కాగితాల్లో పడేవాడు. పిల్లి దగ్గర ఆయన పప్పులు ఉడకలేదు. ఒంటిగంట అయ్యేసరికి వచ్చి కాళ్ళకు అడ్డం పడేది. దానికోసం వండటం, దాంతోపాటు తినడం, తిన్నాక అది ఒళ్ళో ఎక్కి గురగురమంటుంటే కదలడానికి మనసొప్పక ఓ కునుకు తీయడం అలవాటైంది. రక్తపోటు చూసే డాక్టరు మీటరు వైపు రెండుసార్లు చూసి, "కొత్తగా ఏం చేస్తున్నారండీ?" అని అడిగాడు. ఏమీ లేదన్నాడు మాస్టారు. పిల్లితో కబుర్లు చెబుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

ఇప్పుడు ఒళ్ళో బరువు లేదు. ఇంట్లో మాట లేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆయనకు ఆ పిల్లి కావాలి. చిన్నప్పుడు అక్క చేతిలోది ఏదైనా లాక్కునేవాడు గానీ, అరవయ్యో ఏట అడగడానికి నోరు రావడం లేదు.

పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇది మంచం కిందకి దూరి బయటికి రావట్లేదురా. ఇన్ని నీళ్ళు తాగిందంతే. పాలు ముట్టదు, చేప ముట్టదు. నాకు భయంగా ఉంది."

మాస్టారి గుండె గంతేసింది. గంతేసినందుకు సిగ్గు కూడా వేసింది. సిగ్గు సిగ్గే, చొక్కా తొడుక్కుని, పిల్లిని మోసే బుట్ట చేత పట్టుకునే బయల్దేరాడు.

అక్క చేతికర్ర పట్టుకుని తలుపు తీసింది. మంచం కింద చీకట్లో రెండు కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అక్క "పెత్తనం, నా తల్లీ, రావే" అని బతిమాలడం, వంటింట్లోకి వెళ్ళి పాలు వేడి చేసుకురావడం, అవి చల్లారితే మళ్ళీ వెళ్ళడం.

"కాలు నొప్పి పుట్టదూ?" అన్నాడు.

"ఎందుకు పుట్టదు? ఆసుపత్రిలో ఆ వ్యాయామం పిల్ల పది అడుగులు వెయ్యమని కాళ్ళావేళ్ళా పడితే ఛస్తే వెయ్యలేదు. చివరికి ఇంటికెళ్తే ఇది ఉంటుంది కదా అని లేచి నడిచాను." అక్క మంచం అంచున కూలబడింది. "మీ బావ పోయినప్పుడు కూడా ఇంతలా బెంగపడలేదంటే నవ్వుతావు. సరేలే, బుట్ట తెచ్చావుగా. తీసుకుపో. ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు."

అడగకుండానే అంతా నోటి దగ్గరికి వచ్చింది. నోరు మూసుకుని ఊరుకుంటే పిల్లి ఆయనది. అది ఎందుకు బయటికి రావడం లేదో ఆయనకు తెలుసు. నాలుగు నెలలుగా దాన్ని భోజనానికి పిలిచే పద్ధతి ఒకటుంది. ఆ సంగతి అక్కకు తెలియదు.

బుట్ట మూత తీశాడు. అక్క మొహం పక్కకు తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. మూత వేసేశాడు.

"అలా పిలిస్తే రాదక్కా."

"మరెలా పిలవాలి?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "గిన్నె కింద పెట్టి, చెంచాతో రెండుసార్లు కొట్టి, 'చల్లారిపోతోంది, రండి మరి' అనాలి."

అక్క కన్నీళ్ళతోనే పకపకా నవ్వింది. "పిల్లికి మర్యాదలేంట్రా, నీ మొహం మండ! ఎవరు నేర్పారు నీకు?"

"నీ మరదలు. రోజూ మధ్యాహ్నం నన్నలాగే పిలిచేది. దీన్ని పిలవబోతే నోటికి అదే వచ్చింది."

అక్క నవ్వు ఆగిపోయింది. మెల్లగా వంగి గిన్నె నేల మీద పెట్టింది. చెంచాతో రెండుసార్లు కొట్టింది.

"చల్లారిపోతోంది, రండి మరి."

మంచం కింద నుంచి ముందు మీసాలు, తర్వాత తల, ఆ తర్వాత మిగతా పెత్తనమంతా బయటికి వచ్చి గిన్నెలో మూతి పెట్టింది. అక్క దాని వీపు నిమురుతూ, సంతోషం పట్టలేక తమ్ముడి వైపు చూసింది. ఆయన కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు.

"మళ్ళీ పిలవక్కా," అన్నాడు.

"వచ్చేసింది కదరా."

"అయినా ఒక్కసారి పిలువు."