దారం మీద ఎరుపు

వాళ్లు ఇద్దరే అక్కచెల్లెళ్లు. అక్కది పళ్ల డాక్టరు దగ్గర పాచి గీకి తీసే పని. పదహారేళ్లుగా అదే కుర్చీ పక్కన నిలబడి అందరికీ అదే పాఠం చెప్పేది. బ్రష్షు చిగురు అంచున ఏటవాలుగా ఆనించి మెల్లగా తోమాలి, రెండు నిమిషాలకు తగ్గకూడదు, రోజూ ఒకసారి పళ్ల సందుల్లోకి దారం దించి పంటిని హత్తుకునేలా లాగాలి. రక్తం వస్తోందని ఎవరైనా హడలిపోతే నవ్వేసేది. పాచి పట్టిన చిగురు అలాగే కారుతుంది, రెండు వారాలు మానకుండా చేస్తే తగ్గుతుంది అనేది. నూటికి తొంభై తొమ్మిది మందికి అది నిజమే మరి.

ఆ మిగిలిన ఒక్కరూ సొంత చెల్లెలే అవుతుందని ఎవరు కలగన్నారు కనక!

చెల్లెలు చిన్నప్పుడు ఉత్త బద్ధకిష్టి. బ్రష్షు తడిపి, తోమేశానని దబాయించే రకం. అందుకే చిగుళ్లు కారుతున్నాయని ఫోన్ చేస్తే అక్క గయ్యిమంది. నలభై ఏళ్లొస్తున్నా పళ్లు తోముకోవడం చేతకాలేదా అని ఏకిపారేసి, తన పాఠం మొత్తం వల్లించింది. రెండు వారాలయ్యాక చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. దారం రోజూ వాడుతున్నా, రక్తం ఇంకా ఎక్కువైందంది.

"నీ సంగతి నాకు తెలీదా?" అంది అక్క.

ఒళ్లు నీరసంగా ఉంటోందన్న మాట కూడా విన్నది. విని ఊరుకుంది.

మరో నెలకి చెల్లెలి చేతుల మీద నల్లటి కమిలిన మచ్చలు తేలాయి. పరీక్ష చేస్తే బ్లడ్ క్యాన్సర్. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే పరిస్థితి చేతిలో ఉండేదని పెద్ద డాక్టరు అన్నాడు. అక్క తల ఎత్తలేకపోయింది.

ఆసుపత్రిలో బ్రష్షూ దారమూ రెండూ వద్దన్నారు. చిగురు గీసుకుంటే రక్తం ఆగదట. తడిగుడ్డతో తుడవమన్నారు. మొదటిరోజు అక్క వేలికి గుడ్డ చుట్టుకుని, చెల్లెలి నోరు తెరిపించి, అలవాటుగా పాచి కోసం వెతికింది. చిగుళ్లు ఉబ్బి నెత్తురోడుతున్నాయి గానీ పంటి మీద పాచి లేదు. ఎవరి బ్రష్షూ సరిగ్గా అందని చిట్టచివరి దవడపళ్ల సందుల్లో కూడా పిసరంత లేదు. పదహారేళ్లలో అంత శుభ్రంగా తోమిన నోరు ఆమె చూడలేదు.

చెప్పింది చెప్పినట్టు చేసింది పిచ్చిది.

"బాగా తోమానా అక్కా?" చెల్లెలు గొణిగింది.

"బాగా తోమావే, బంగారూ. నేనే..." అక్క వేలి మీది గుడ్డ సర్దుకుంది.

"మరి తిట్టవుగా?"

తిట్టనన్నట్టు తల ఊపింది అక్క. చెల్లెలు నిశ్చింతగా కళ్లు మూసుకుంది. ఎర్రబడిన గుడ్డ తీసేసి, కొత్తది తడిపి, అక్క కింది వరస తుడవసాగింది.