దొరగారి ఉపవాసం

ఆఫీసులో అతన్ని అందరూ ‘సరేసార్’ అనేవారు. పార్సిల్ కంపెనీలో చేరినప్పటి నుంచి ఆ రెండు మాటలు తప్ప మూడో మాట అతని నోట పైవాళ్ళు విన్న పాపాన పోలేదు. వెనక ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే, వినపడనట్టు నడిచి వెళ్ళిపోయేవాడు. వినపడనట్టు నడవడంలో అతనికి మంచి సాధన ఉంది.

అలాంటివాడి ఇంట్లో, హాల్లో ఒక గోడ పొడుగునా గాజుతొట్టి, అందులో ఒక రాక్షసి. ఎర్రతోక జెల్లచేప. కొన్నప్పుడు బొటనవేలంత ఉండేది. ఇప్పుడు తల ఒక్కటే బిందెంత. పైన బొగ్గు నలుపు, కింద సున్నం తెలుపు, మూతి చుట్టూ మూడు జతల మీసాలు. తోడుగా వేసిన చేపలన్నిటినీ ఒక్కొక్కటిగా కడుపులో పెట్టుకుంది. నీళ్ళ వేడి చూసే గాజుగొట్టాన్ని కూడా ఒకసారి మింగి, రుచించక మర్నాడు కక్కింది. అది పెరిగిన కొద్దీ తొట్టి పెరిగింది, తొట్టి పెరిగిన కొద్దీ హాలు తరిగింది. సోఫా బయటికి పోయింది. ఇంటికి వచ్చినవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంటారు.

అతను దాన్ని ‘దొర’ అనేవాడు. సాయంత్రం బూట్లు విప్పకుండానే తొట్టి ముందు నిలబడేవాడు. పగలంతా అతను మాటలు మింగేవాడు, సాయంత్రం అది చేపల్ని మింగేది. రెండు మింగుళ్ళూ ఒకటే జాతివని అతనికి ఎలాగో ఒక నమ్మకం కుదిరింది. ఆ వెడల్పాటి నోరు తెరుచుకుని, ఎదర ఉన్నది మాయమై, మళ్ళీ మూసుకునేటప్పటికి అతని గుండెలో ఏదో ముడి విడిపోయేది. అప్పుడు భార్య వైపు తిరిగి మొదలుపెట్టేవాడు:

“ఇవాళ గోదాములో లోడింగ్ వాళ్ళని కడిగి పారేశాననుకో. ఒక్కడూ కిక్కురుమనలేదు.”

“అలాగా? పాపం, వాళ్ళు హడలిపోయుంటారు,” అనేది ఆవిడ.

తర్వాత వంటగదిలోకి వెళ్ళి, చెంచాతో పళ్ళెం అంచు మీద రెండుసార్లు కొట్టేది. ఆ ఇంట్లో భోజనానికి పిలుపు అదే. అతను వెళ్ళి కూర్చునేవాడు.

గోదాము ఇన్‌ఛార్జి రిటైరవుతున్నాడని తెలిసినప్పుడు అసలు సంగతి మొదలైంది. వరస ప్రకారం ఆ కుర్చీ ఇతనిది. మేనేజరు పిలిచి కూర్చోబెట్టాడు కూడా.

“నీ పనికి వంక పెట్టలేనయ్యా. కానీ నీకు పట్టు లేదు. అక్కడ అరవాలి. నువ్వు అరిస్తే వాళ్ళు దాహమేస్తోందనుకుని మంచినీళ్ళు తెచ్చిస్తారు.”

సరే సార్ అనబోయి ఆగాడు. ఈ కుర్చీ కూడా పోతే ఇక జన్మంతా ఆ రెండు మాటలే మిగులుతాయని తోచింది. కడుపులోంచి మూడో మాట పైకి వచ్చింది.

“సార్, ఒకసారి మా ఇంటికి రండి.”

దొర గురించి చెప్పాడు. కనపడిన దాన్నల్లా మింగుతుందన్నాడు. తన చేతికి తప్ప ఎవరి చేతికీ లొంగదన్నాడు. మేనేజరు కళ్ళజోడు తీసి అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“నువ్వా? సరే, వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. చూద్దాం.”

పులిని పెంచేవాణ్ణి ఎవరూ పిల్లి అనరు. అతని లెక్క అది. అందులో లోపం ఎక్కడుందో వెతికే ఓపిక ఆశపడిన మనసుకి ఉండదు.

ఆదివారానికి రెండు వారాల ముందు నుంచి దొరకి ఉపవాసం పెట్టాడు.

“మూగజీవం అండీ. పస్తులు పెడితే ఉసురు తగులుతుంది,” అంది భార్య.

“ఆకలి మీదుంటేనే దూకుతుంది. దాని సంగతి నాకు తెలుసు, నువ్వు దాని జోలికి వెళ్ళకు.”

రోజూ పొద్దున్నే గాజుకి ముక్కు ఆనించి చూసేవాడు. “చూశావా, కళ్ళల్లో కసి! నిన్నటికంటే పెరిగింది.” ఆవిడ వచ్చి చూసి, “అవునండీ, భయమేస్తోంది,” అనేది. చేప మాత్రం బియ్యం బస్తాలా అడుగున పడి ఉండేది. దాని ఉపవాసం చూస్తున్న కొద్దీ అతనికి ఆకలి పెరిగి రెండు పూటలా మారు వడ్డించుకునేవాడు.

ఆదివారం పొద్దున మేనేజరు వచ్చాడు. పిలవకపోయినా బావమరిది కూడా వచ్చాడు. టైర్ల దుకాణం నడిపేవాడు, చక్రానికైనా ఎక్కడో గాలి తగ్గుతుంది గాని అతని నోటికి తగ్గదు.

“కానివ్వు బావా, మీ దొరగారి దర్బారు మొదలెట్టు.”

అతను చొక్కా చేతులు మడిచి, బకెట్లోంచి బతికున్న చేపపిల్లల్ని వలతో తీసి తొట్టిలో వదిలాడు. వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు. మేనేజరు కూడా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

దొర కదల్లేదు.

చేపపిల్లలు కాసేపు ఒక మూల గుంపుగా వణికాయి. తర్వాత ధైర్యం వచ్చి ఊరు చూడ్డానికి బయల్దేరాయి. వాటిలో ఒకటి దొర మీసం చివర పట్టుకుని లాగి చూసింది.

“బావా, ఇది ఉపవాసంలో ఉందా, సన్యాసంలో ఉందా?”

“కాస్త ఆగు. గురి చూసుకుంటోంది.”

“రెండు కళ్ళూ నేల మీద పెట్టి గురి చూడ్డం ఇదే మొదటిసారి వింటున్నాను.”

మేనేజరు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం అతని కంటపడింది. చెవులు వేడెక్కాయి. ముందుకి ఉరికి అరచేత్తో గాజు మీద దబదబా బాదాడు.

దొర ఎగిరిపడింది. సగం తెరిచిన పైమూతకి తల కొట్టుకుంది. బకెట్టెడు నీళ్ళు మేనేజరు చొక్కా మీద పడ్డాయి. తొట్టి మూలన దాక్కోవడానికి వేసిన వెడల్పాటి గొట్టంలోకి అది తల దూర్చేసింది. మిగతా ఒళ్ళంతా, ఎర్రతోకతో సహా, బయటే ఉండి గజగజ వణికింది. తల దాగితే తను దాగినట్టే అనుకునే జాతి కాబోలు.

“ఏమయ్యా, నీ చేతికి తప్ప లొంగదన్నావు! నిన్ను చూసే హడలిపోతోందే?” అన్నాడు మేనేజరు చొక్కా పిండుకుంటూ.

అంత అవమానంలోనూ అతనికి ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. జన్మలో మొదటిసారి తనని చూసి ఒక ప్రాణి భయపడింది.

“అదే సార్! పట్టంటే అదే కదా సార్!”

ఆ మాట గాలిలో ఉండగానే భార్య ఒక చేత్తో కాఫీల పళ్ళెం, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని వచ్చింది. గొట్టం బయట వణుకుతున్న తోకని చూసింది.

“అయ్యో బుజ్జీ!”

తువ్వాలు మేనేజరుకిచ్చి, పళ్ళెంలోంచి చెంచా తీసి, గాజు మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్. గొట్టంలోంచి తల వెనక్కి వచ్చింది. అది మెల్లగా పైకి తేలి, నీళ్ళల్లో పెట్టిన ఆవిడ అరచేతిలో దవడ ఆనించింది. మీసాలు ఆవిడ మణికట్టు మీద వాలాయి. ఆవిడ నుదురు నిమిరింది.

“పొద్దున్నే తిన్నదండీ. ఇంకేమీ పట్టదు,” అంది మేనేజరుతో, అన్నాక నాలిక్కరుచుకుంది.

“మీరు పెడుతున్నారా అమ్మా? రోజూనా?”

“రోజూ పెడితే దానికి అరగదండీ. ఈయన మానేసినప్పటి నుంచి రోజు విడిచి రోజు.”

“మరి ఈయనకి చెప్పలేదేం?”

“ఎలా చెప్పనండీ? కళ్ళల్లో కసి పెరుగుతోందని పొద్దున్నే అంత మురిసిపోతుంటే!”

బావమరిది గోడకి తల ఆనించి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. కాఫీ తాగుతూ చేపని చూశాడు, అతన్ని చూశాడు. మళ్ళీ చేపని చూశాడు. అతను నిటారుగా నిలబడ్డాడు. లోపల ఏదో ఒక మూల ఆశ ఇంకా చావలేదు.

“మంచి పని చేశావయ్యా నన్ను పిలిచి. నాలుగు నెలల నుంచి ఒక మనిషి కోసం వెతుకుతున్నాను. ఇవాళ దొరికాడు.”

“సార్…”

“గోదాముకి కాదు, దానికి ఇంకొకడున్నాడు. పోయిన పార్సిళ్ళ కౌంటరు. వచ్చినవాడల్లా గాజు మీద బాది తిడతాడు. ఎవరిని పెట్టినా నెలకి మించి ఉండటం లేదు. ఎంత తిట్టినా ఎదురు చెప్పకుండా లోపల కూర్చునేవాడు కావాలి. రేపే చేరిపో.”

గొంతు దాకా చాలా మాటలు వచ్చాయి. వరస తనది. పదిహేనేళ్ళ పని తనది. నోరు తెరిచాడు. నోరు బాగా పెద్దగానే తెరుచుకుంది.

“సరే సార్,” అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. భార్య నేల తుడుస్తోంది. అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తడిసిన చేతులు చూసుకుంటున్నాడు. ఎంతసేపటి నుంచో ఒక ప్రశ్న అతని లోపల అటూ ఇటూ ఈదుతోంది. అడగకపోతే బావుంటుందని తెలుసు. అడిగాడు.

“నేను ఆఫీసు విషయాలు చెప్తుంటానే… లోడింగ్ వాళ్ళని కడిగేశానని, అదీ ఇదీ…”

“ఊఁ.”

“నువ్వవి నమ్మేదానివేనా?”

ఆవిడ గుడ్డ పిండింది. “మీ లోడింగ్ మేస్త్రీ భార్యా నేనూ ఒకే దుకాణంలో కూరగాయలు కొంటామండీ.”

“మరి ఇన్నాళ్ళూ ‘పాపం, హడలిపోయుంటారు’ అనేదానివి!”

“మీరు ఆకలి మీద వచ్చేవారు కదా,” అంది ఆవిడ మామూలుగా, బకెట్ తీసుకుని లోపలికి వెళ్తూ.

అతనికి కోపం రావాలి. వస్తుందని ఎదురుచూశాడు కూడా. ఇవాళ భోజనం మానేస్తాను, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాడు. ఆ నిర్ణయం అతనికి బాగా నచ్చింది. దాన్ని ఒకటికి రెండుసార్లు మనసులో తిప్పి చూసుకున్నాడు. తొట్టిలో చేపపిల్లలు దొర వీపు మీద ఆడుకుంటున్నాయి.

వంటగదిలో పళ్ళెం అంచు మీద చెంచా రెండుసార్లు మోగింది.

తొట్టి అడుగున ఎర్రతోక కదిలింది. దొర తల తిప్పి వంటగది వైపు చూసేటప్పటికి, కుర్చీ ఖాళీగా ఉంది.