నాగలింగం నాలుగో మాల

“రేపు పొద్దున బావ కౌన్సెలింగుకు పోవల్లమా, అందుకే రాత్రికి ఉండము. ఎవురికీ చెప్పబాకు” అని కాంచన రైల్లోంచి తల్లికి ఫోను చేసి చెప్పింది.

అవతల తిరుత్తణిలో సరసమ్మ కుడిచెవి కమ్మకు ఆ పొద్దే కొత్త మర బిగించుకుంది. అది నొప్పి పెడుతుంటే ఫోను ఎడమచెవికి ఆనించింది. ఆ చెవి అలంకారానికే గాని ఆలకించడానికి కాదు. “ఏందీ, కౌన్సిలరుకా?” అని ఆమె అరిచేలోపు తిరువాలంగాడు స్టేషను వచ్చింది. నాట్యపోటీలో శివుడు కాలెత్తి కాళిని ఓడించిన ఊరు కదా, ఫోను సిగ్నలు కూడా అక్కడ ఒక కాలెత్తి నిలబడి, తూలి పడిపోయింది.

“అత్తకు సరిగ్గా వినపడిందా?” అన్నాడు పక్కనే కూర్చున్న మొగుడు నాగలింగం.

“వినపడింటాది. భయపడబాకు బావా, మాయమ్మ నోరు తెరవదు.”

నిజమే, సరసమ్మ నోరు తెరవదు. మూస్తే కదా తెరవడానికి!

ఇంతకూ ఆ కౌన్సెలింగు దేనికో చెప్పాలంటే కాస్త గొంతు తగ్గించాలి. నాగలింగం తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. కరోనా కాలమంతా కోవిడ్ వార్డులోనే గడిపాడు. తల నుంచి కాలిదాకా ఆ పీపీఈ కిట్టు తొడుక్కున్నప్పటి నుంచి ఆయనకు ఏదీ కిట్టలేదు. డ్యూటీ దిగి వస్తే పెరట్లో స్నానం, మిద్దె మీద పడక. కాంచన మెట్ల మీద పళ్ళెం పెట్టి వెనక్కి జరిగితే, ఈయన వచ్చి తీసుకునేవాడు. క్వారంటైనుగా మొదలైంది కాస్తా ఏదీ కోరని టైముగా మారింది.

జబ్బు ఊరు దాటిపోయింది. మనిషి మాత్రం మిద్దె దిగలేదు. దిగిన రోజున కూడా, కాంచన చెయ్యి పట్టుకుంటే ఆయన వేళ్ళు వాటంతట అవే మణికట్టు మీదికి పాకి నాడి వెతికేవి. నాడి దొరికేది, నాటి కాంచన దొరికేది కాదు. కళ్ళు మూస్తే వార్డులోని మిషన్ల కూత. మనసు రమ్మన్నా ఒళ్ళు రానని మొండికేసేది. “అలిసిపోయినా” అని అటు తిరిగి పడుకునేవాడు. పోస్టాఫీసులో కూర్చొని ఊరందరి కవర్లకూ ముద్రలు వేసే కాంచనకు ఇంట్లో ముద్దు కరువైంది. అత్తగారి పేరు సరసమ్మ, అల్లుడింట సరసం సున్నా!

అలాంటప్పుడు దొరికింది మాల. మొదటిది నిజం మొక్కే. ప్రాణాలతో బయటపడ్డందుకు తిరుత్తణి కొండమీది మురుగనికి, అదే మన సుబ్రహ్మణ్యస్వామికి, కావడి ఎత్తాడు. మెడలో మాల, ఒంటిమీద పసుపుబట్ట, నేలమీద చాప, ఆలికి దూరం. దీక్షలో ఉన్నవాణ్ణి దూరంగా ఎందుకున్నావని ఎవరడుగుతారు? అడక్కపోగా కాళ్ళకు మొక్కుతారు! మాల తీసిన వారానికే ఆయనకు మళ్ళీ గుండెదడ పట్టుకుంది. మురుగని పండగ ఆడికృత్తికకు వేసిన మాల తర్వాత తైపూసానికి ఒకటి, అది తీశాక పంగుని ఉత్తరానికి ఇంకొకటి. “మా అల్లుడి భక్తే భక్తి” అని సరసమ్మ వీధి వీధికీ చాటింది. అది దేవుడి మీద భక్తి కాదని, పడక మీద భీతి అని కాంచనకు ఒక్కదానికే తెలుసు.

దెబ్బ నాలుగో మాల దగ్గర తగిలింది. తిరుత్తణిలో మాల వేసే గురుస్వామి ఆరుముగానికి ఒక పద్ధతి ఉంది. పెళ్ళయినవాడు దీక్షకు వస్తే ముందు ఇల్లాలిని అడుగుతాడు. ఆమె సరేనంటేనే మాల మెడలో పడుతుంది. మూడుసార్లూ కాంచన తలూపింది. నాలుగోసారీ ఆయన మాల చేతపట్టుకొని అడిగాడు.

“ఏం తల్లీ, సమ్మతమేనా?”

“లేదు సామీ.”

ఆరుముగం చేతులు గాల్లోనే ఆగాయి. “సామి మింద కోపమా?”

“సామి మింద లేదు, మాల మింద గూడా లేదు. దాని వెనకాల దాక్కోనుండే మనిషి నాకు కావల్ల.”

ఆరుముగం ఇద్దరి ముఖాలూ చూశాడు. మాల తీసుకెళ్ళి పటానికి తగిలించాడు. “నాయనా, అసురుల్ని కొట్టినాంక సామి ఈ కొండకొచ్చే గదా కోపం చల్లారి, తణిగి కూసున్నాడు? అందుకే ఈ కొండకు తణిగై అని పేరు. కూసోని ఊరికే ఉన్నాడా? వళ్ళెమ్మను పెండ్లి చేసుకున్నాడు. నీ యుద్ధం ముగిసిపోయింది. ఇంకా ఈటె దించకుండా నిలబడుకోనుండావే!”

కొండమెట్లు దిగుతుంటే నాగలింగం మొదటిసారి మనసు విప్పాడు. “కాంచనా, నేను దేనికీ పనికిరాకుండా పోయినా.”

“పనికి పోయే గదా బావా ఇట్లయినావు? పనికిరానోడివైతే ఆ పొద్దే ఇంట్లో కూసోనుంటావు.”

ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి ఒకేసారి వచ్చాయి. ఎంతోమంది రోగులను కౌన్సెలింగు గదికి దారిచూపి పంపిన మనిషి, ఆ వారమే ఆలిని వెంటబెట్టుకొని తానూ ఆ గది తలుపు తట్టాడు. డాక్టరమ్మ మధుమిత ఆశ్చర్యపోలేదు. “ఇది మగతనం తక్కువై వచ్చింది కాదన్నా, భారం ఎక్కువై వచ్చింది. వార్డుల్లో చేసినోళ్ళు ఆడోళ్ళూ మగోళ్ళూ చానామంది నా దగ్గర ఇదే చెప్తాండారు. తొందర పడొద్దు. ముందు ఊరికే చేతులు పట్టుకోండి, నాడి చూడకుండా!” అంది. అలా కొన్ని సోమవారాలు గడిచేసరికి మిద్దెమీది చాప తనంతట తానే చుట్టుకొని కిందికి దిగింది.

ఆ సోమవారాల్లో ఇంకొకటి రేపు. ఈలోగా అత్తను చూసిపోదామని వస్తే, తిరుత్తణి వీధి మొదట్లోనే మైకు కట్టిన ఆటో ఎదురైంది.

“మన వీధి అల్లుడు నాగలింగం, వాళ్గ! వర్ధిల్లాల!”

వీధి పెద్ద సుందరరాజులు మామ పరుగున వచ్చి మెడలో గజమాల వేశాడు. వెనకాల సరసమ్మ, ముఖమంతా పండగ.

“ఏ వార్డు అల్లుడా?” అన్నాడు సుందరరాజులు.

“కోవిడ్ వార్డు” అన్నాడు నాగలింగం అలవాటుకొద్దీ.

“ఆ పేరుతో మన మునిసిపాలిటీలో వార్డు యాడుండాది? నువ్వు కౌన్సిలరుకు నిలబడతాండావని మీ అత్త చెప్పిందే!”

నాగలింగానికి విషయం వెలిగింది. దాంతోపాటు పాత గుండెదడా వచ్చింది. ఔనంటే పోయె! రేపు ఆ పని మీదే పోతున్నానంటే ఎవరూ ఏమీ అడగరు. మెడలో మాల పడనే పడింది, దాక్కోవడానికి ముందటి మూడింటికంటే లావుగా ఉంది.

కాంచన వైపు చూశాడు. ఆరుముగం అడిగినట్టే కళ్ళతో అడిగాడు: సమ్మతమేనా, చెప్పేదా? ఆమె తలూపింది.

మాల తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండో చేత్తో మైకు అందుకున్నాడు.

“మామా, అందరికీ దండాలు. నేను కౌన్సిలరుకు నిలబడలేదు. నేను పోతాండేది కౌన్సెలింగుకు. డాక్టరమ్మతో కూసోని మాట్లాడేది. కోవిడ్ వార్డులో చేసినాంక నాకు మనసూ ఒళ్ళూ బిగుసుకపోయినాయి. ఆలుమగలుగా ఉండేదానికి గూడా కాలేదు. మీరు కాళ్ళకు మొక్కినారే ఆ దీక్షలు, మొదటిది తప్ప మిగతావి దాక్కోనేదానికే. ఇప్పుడు బాగైతాండా.”

మైకు కుయ్యిమంది. నాగలింగం వీధి నవ్వు కోసం కాచుకున్నాడు.

ముందుగా గొంతు విప్పింది దేవకి. ఆసుపత్రిలో వార్డులు శుభ్రం చేసే మనిషి. “ఆ డాక్టరమ్మ ఆడోళ్ళను గూడా చూస్తాదా నాయనా?”

“చూస్తాదక్కా.”

“మా తమ్ముడు అప్పుడు ఆంబులెన్సు తోలినాడు” అన్నాడు సుందరరాజులు, మైకుకు దూరంగా జరిగి. “వాణ్ణి గూడా పిల్చుకొని పో.”

నాగలింగం ఛాతీలోంచి ఎన్నేళ్ళదో ఊపిరి ఒకటి బయటికొచ్చింది. ఏ సిలిండరూ ఇవ్వలేని గాలి లోపలికి పోయింది.

“అట్లయితే నిలబడేది లేదా?” అంది సరసమ్మ దిగాలుగా.

“నిలబడతాడుమా” అంది కాంచన. “సంసారంలో.”

వీధి అప్పుడు నవ్వింది. నాగలింగం అందరికంటే గట్టిగా నవ్వి, చేతిలోని గజమాల కాంచన మెడలో వేశాడు. సరసమ్మ కుడిచెవి కమ్మ ఊడదీసి కొంగున కట్టుకుంది, మైకు లాక్కుంది.

“అందరూ ఇనండి! కౌన్సిలరు కాదంట, కౌన్సెలింగంట! తప్పు నా ఎడమచెవిది! వార్డుల్లో చాకిరీ చేసి చిక్కిపోయినోళ్ళు మొగుడూ పెండ్లాలుగా మళ్ళీ చల్లంగా ఉండేదానికి ఒక డాక్టరమ్మ ఉండాదంట! కావల్సినోళ్ళు మా అల్లుణ్ణి అడగండి!”