సీటు కింద మసి

సైలెన్సర్ పని అంటే మదనపల్లెలో ఎవరైనా దాసప్ప షెడ్డుకే పొమ్మంటారు. ముప్పై ఏళ్ళుగా పైపులు కోసి అతుకుతున్నాను. నా పనికి వంక పెట్టినవాణ్ణి కసిరి పంపడమే తప్ప, వాడు చెప్పింది నిజమేమోనని ఒక్కసారీ ఆలోచించలేదు. అంత పొగరు నాకు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను.

పోయిన నెల క్రిస్టినా ఆ ఎర్ర కారును ట్రాక్టరుకు కట్టి లాగించుకుని నా షెడ్డుకు తెచ్చింది. రెండే సీట్లు, రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు. పాతికేళ్ళ నాటిది. వాళ్ళ నాయన శాలేము రాజు ఒక పెద్ద డాక్టరు దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆ డాక్టరు రిటైరై వెళ్ళిపోతూ కారును రాజుకే ఇచ్చేశాడు. పొద్దున లేస్తే రాజుకు దాన్ని తుడవడమే పని. కన్నబిడ్డకు కూడా ఇంత బాగా నీళ్ళు పోయలేదని అతని భార్య మేరమ్మ ఎగతాళి చేసేది.

పద్నాలుగు నెలల కిందట రాజు ఆ కారులోనే చనిపోయాడు.

"కుప్పంలో ఒకాయన కొంటానన్నాడు మామా," అంది క్రిస్టినా. "ముందర దెబ్బంతా బాగు చేయించినా. సైలెన్సరే కుళ్ళిపోయి ఉండాది. పాతదంతా పీకేసి కొత్తది ఎయ్యి. ఈ కారు ఇంటి ముందర ఉంటే అమ్మ ఓర్చుకోలేదు."

"మీ అమ్మకు ఇంకా కోపం పోలేదా పాపా?"

"నాయన పేరెత్తితే లేసి పోతాది."

కోపం మేరమ్మకే కాదు, నాకూ ఉంది. రాజు నా స్నేహితుడు. ఒకప్పుడు పీకలదాకా తాగేవాడు. చనిపోవడానికి పదకొండేళ్ళ ముందు చర్చిలో లేచి నిలబడి, ఇక ముట్టనని అందరి ముందు సాక్ష్యం చెప్పి మానేశాడు. ఆ రోజు నేనూ పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. అలాంటివాడు, కుప్పంలో ఉద్యోగం చేసే కూతుర్ని అక్కడ దింపి తిరిగి వస్తూ, పుంగనూరులో టీ కొట్టు ముందు తూలాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయట. రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడట. ఆ తర్వాత పది కిలోమీటర్లు రాకముందే, వానలో కారు రోడ్డు దిగి కల్వర్టును గుద్దుకుంది. టీ కొట్టువాడి మాట ఊరంతా పాకింది. రక్తం పరీక్షకు పంపమంటారా అని పోలీసులు అడిగితే మేరమ్మే వద్దంది. ఏం బయటపడుతుందోనని భయం.

సమాధిలోకి దించాక తలా ఒక పిడికెడు మన్ను వేశారు. మేరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. పాస్టరు రెండుసార్లు పిలిచినా కదల్లేదు. నేను వేశాను గానీ, వేస్తూ తిట్టుకున్నాను. పదకొండేళ్ళు నిలబెట్టుకున్న మాటను ఒక్క పూటలో తాగేశావు కదరా అని.

సరే, పనికొస్తాను. కారును ర్యాంపు ఎక్కించి కిందకు దూరాను. బోల్టులు తుప్పుకు బిగుసుకుపోయి ఒక్కటీ తిరగలేదు. అన్నీ కోయాల్సి వచ్చింది. పైపు మధ్యలో నా పాత అతుకు కనబడింది. మూడేళ్ళ కిందట రాజు కొత్త పైపు వెయ్యమంటే వద్దన్నది నేనే. "నా అతుకు మీద నమ్మకం లేదా?" అని కసిరి, నూనె డబ్బా రేకు చుట్టి వెల్డింగ్ చేశాను. తర్వాత రెండుసార్లు వచ్చాడు, లోపల పొగ వాసన వస్తోందని. కింద పడుకుని ఒక చూపు చూసి, "పాత కారన్నాక వాసన రాదా? అద్దం దించుకో పో," అని పంపేశాను.

కింద నుంచి చూస్తే అతుకు అప్పటికీ భేషుగ్గానే ఉంది. పైపు ఊడదీసి తిరగేశాను. కంటికి కనబడని పై వైపు అతుకు జానెడు పొడవున నోరు తెరుచుకుని ఉంది. తల ఎత్తి చూశాను. సరిగ్గా దాని మీదనే, కారు అడుగు రేకును తుప్పు తినేసి బొటనవేలు దూరేంత బొక్క. పైకి లేచి డ్రైవరు సీటు కిందున్న మ్యాట్ లాగాను. దాని అడుగంతా మసి. వేలితో రాస్తే నల్లగా అంటుకుంది.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడే వాన పట్టుకుంది. అద్దాలు ఎత్తుకునే వచ్చి ఉంటాడు. ఇంజను పొగ ఆ బొక్కలోంచి కుప్పం నుంచి పుంగనూరు దాకా లోపలికి వస్తూనే ఉండి ఉంటుంది. ఆ పొగ పీలిస్తే తల పగిలిపోతుంది, వాంతి వస్తుంది, కాళ్ళు తూలుతాయి, మగత కమ్ముతుంది. షెడ్డు తలుపులు మూసి ఇంజను ఆడించొద్దని అందరికీ చెప్పేది నేనే కదా.

అయ్యో దేవుడా! రాజు తాగలేదు. నేనే చంపాను.

చెడ్డ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. బొక్క మూసేసి, పాత పైపును తుక్కులో వేసేస్తే అడిగేవాడు లేడు. రాజు తాగుబోతుగానే మిగిలిపోతాడు, నా పేరుకు మచ్చ రాదు. పైపును మూలకు విసిరేశాను కూడా. అడుగు రేకు కోసి కొత్తది వేశాను. ముందు నుంచి వెనకదాకా కొత్త పైపు వంచి బిగించాను. స్టార్ట్ చేసి పొడవునా చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా పిసరంత పొగ లేదు. మూడేళ్ళ కిందట చెయ్యాల్సిన పని. అప్పుడు ఏడుపొచ్చింది, ఆగలేదు. పాత పైపు, రేకు ముక్క, మ్యాట్ ఆటోలో వేసుకుని మేరమ్మ ఇంటికి పోయాను.

ఆమె వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి క్రిస్టినా కూడా బయటికి వచ్చింది.

"ఏందన్నా, ఈ తుప్పంతా నా ఇంట్లోకి తెస్తివి?" అంది మేరమ్మ.

చెప్పాను. రాజు కొత్తది వెయ్యమన్నదీ, నేను కసిరిందీ, అన్నీ. మ్యాట్ తిరగేసి చూపించాను.

"అయితే ఆయప్ప తాగలేదా?"

"లేదమ్మా. తూలింది ఈ పొగకే. నా అతుకే చంపింది. నన్ను చెప్పుతో కొట్టు, పడతా. ఆదివారం మీ చర్చిలో నిలబడి అందరికీ సెప్తా."

మేరమ్మ మసి మీద వేలితో రాసింది. ఆ వేలిని చూసుకుంది.

"కావాలని చేస్తివా ఏం," అంది. "ఒకటి సెప్పన్నా. ఆపొద్దు పుంగనూరు నుంచి నీకు ఫోన్ చేసినాడు. ఆయప్ప ఫోన్లో నీ పేరు సూసినా. ఏమన్నాడు?"

అది నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

"తల పగిలిపోతాండాది దాసప్పా, కండ్లు సరిగా కనబడల్యా అన్నాడు. మాట ముద్దముద్దగా వస్తాండె. మళ్ళా మొదులుపెట్టినావా, తాగి నాకు ఫోన్ చెయ్యొద్దు అంటిని. పెట్టేస్తిని."

తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు.

"నీ తరవాత నాకు చేసినాడన్నా," అంది. "మేరమ్మా, నాకేమో అవతాండాది అన్నాడు. తాగినోడు నా గడప తొక్కొద్దు అంటిని. నేనూ పెట్టేస్తిని."

"అమ్మా!" అంది క్రిస్టినా. ఆ పిల్లకు కూడా ఈ సంగతి తెలియదు.

మేరమ్మ చేతులు కడుక్కోకుండానే లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. సమాధుల తోట దాకా మేమిద్దరం వెనకే నడిచాం. రాజు మీద గడ్డి మొలిచి ఉంది. పక్కన నేల ఎండి గట్టిపడి, గోళ్ళతో గీకినా మన్ను రాలేదు. నా జేబులో స్క్రూడ్రైవర్ ఉంటే దాంతో పొడిచి వదులు చేశాను. ఆమె ఒక పిడికెడు తీసుకుంది.

"నువ్వు తాగలేదంట కదప్పా," అంది సమాధితో. "దాసప్పన్న సెప్పినాడు. పదకొండేండ్లు నిన్ను నమ్మి, కడపటి పొద్దు నమ్మకపోతిని."

చింతపండు చేతులకు మన్ను అంటుకుపోయింది. పిడికిలి విప్పినా అంతా రాలలేదు. రెండో చేత్తో మెల్లగా తుడిచి తుడిచి వేసింది.